చెత్త యార్డు దగ్గర లైల్ ధర

పెర్లీ మిల్స్‌లో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే చర్చికి వెళ్ళనక్కర్లేదు. బుధవారమో శనివారమో చెత్త యార్డుకి వెళ్తే చాలు. మా ఊళ్ళో చెత్త బండి ఇళ్ళకు రాదు. ఎవరి చెత్త వాళ్ళే ట్రక్కులో వేసుకెళ్ళి, సీసాలు సీసాల తొట్టిలో, డబ్బాలు డబ్బాల తొట్టిలో పడేసి రావాలి. అక్కడ గేటు పక్కన కట్టెల పొయ్యి ఉన్న చిన్న గదిలో పదకొండేళ్ళుగా కూర్చుంటున్న మనిషి వెర్నా టిబెట్స్.

అంతకుముందు ఆమె చెప్పుల ఫ్యాక్టరీలో మడమలు కుట్టేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరి వాళ్ళు యార్డు అప్పజెప్పారు. పొట్టి మనిషి, వయసు అరవై ఆరు, చలికాలమంతా మగవాళ్ళ కోటే. ఎవరు తాగుడు మానేశారో, ఎవరు మళ్ళీ మొదలుపెట్టారో సీసాల తొట్టి చూస్తే ఆమెకు తెలిసిపోయేది. అయినా ఒకరి సంగతి ఇంకొకరితో అనేది కాదు. ఆమెది ఒకటే పద్ధతి: అడిగితే నిజం చెబుతుంది, అడిగినంత మేరకే చెబుతుంది. అడగనిది ఆమె నోట రాదు.

ఇంత తక్కువ మాట్లాడే మనిషి పంతొమ్మిదేళ్ళు లైల్ టిబెట్స్‌తో కాపురం చేసింది. లైల్ వేలంపాటల మనిషి. నిమిషానికి మూడు వందల మాటలు అనగలడని ఆయనే చెప్పుకుంటాడు. ఒక రోజు ఇంటి ముందే ఎవరిదో పాత సామాను వేలం వేస్తూ, పాట మంచి ఊపు మీద ఉండగా సరుకు అయిపోయిందని, లోపలికి వెళ్ళి తమ వంటింటి బల్ల తెచ్చి అమ్మేశాడు. వెర్నా ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి బల్ల మీదుండే ఉప్పు డబ్బా, చక్కెర గిన్నె నేల మీద ఉన్నాయి. "నూట నలభై పలికింది తెలుసా" అన్నాడట లైల్, పసిపిల్లాడు బొమ్మ చూపించినట్టు. వసంతం వచ్చేలోగా విడాకులయ్యాయి. ఇది జరిగి ఇరవై ఏళ్ళు. పగలేమీ లేదు. ఊళ్ళో ఉన్నది ఒకటే చెత్త యార్డు కాబట్టి ప్రతి శనివారం కలుసుకోక తప్పేది కాదు.

నేను ఊరి లైబ్రరీ చూసుకుంటాను, ఎన్నికలప్పుడు ఓట్లు లెక్కపెడతాను. అందుకని ఈ కథలో సగం కళ్ళారా చూశాను. మిగతా సగం చెప్పకుండా ఉండలేని మనుషులు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు.

నిరుడు శీతకాలంలో మా ప్రాంతపు శాసనసభ్యుడు చేపలు పట్టే గుడిసెలో కునుకు తీస్తూ నిద్రలోనే పోయాడు. మంచి మనిషి, మంచి చావు. ఆయన పోయే సమయానికి సభలో రెండు పార్టీల బలమూ సరిసమానంగా ఉంది. మా సీటు ఎవరికి దక్కితే సభ వాళ్ళది. పార్టీల పేర్లు చెప్పను. చెబితే సగం ఊరు నా లైబ్రరీకి రావడం మానేస్తుంది. ఏడాదికి వంద డాలర్ల జీతమున్న ఈ పదవికి ఒక పక్షాన లైల్, రెండో పక్షాన రిటైరైన టీచరమ్మ మార్గరీట్ క్లూటియే నిలబడ్డారు. దేశమంతా మా మీద పందేలు కాయడం మొదలుపెట్టింది.

ఆ సంగతి వెర్నాకు మొదట చెప్పినవాడు ఆమె తమ్ముడి కొడుకు డారెల్. కలప మిల్లులో పని, వయసు ముప్ఫై నాలుగు, ఫోన్‌లోంచి తల ఎత్తడు.

"అత్తా, లైల్ మామ అరవై నాలుగు" అన్నాడు యార్డు గదిలోకి వస్తూనే.

"అరవై తొమ్మిది" అంది వెర్నా.

"వయసు కాదత్తా. రేటు. ఇందులో చీటీలు అమ్ముతారు. మామ గెలుస్తాడన్న చీటీ అరవై నాలుగు సెంట్లు. గెలిస్తే డాలరు ఇస్తారు, ఓడితే సున్నా. అంటే నూటికి అరవై నాలుగు వంతులు గెలుస్తాడని జనం అనుకుంటున్నట్టు."

"ఏ జనం?"

"ఎక్కడెక్కడి వాళ్ళో. షికాగో, మయామీ, లండన్."

"వాళ్ళకి లైల్ తెలుసా?"

"తెలియక్కర్లేదత్తా. అదే దీని గొప్పతనం. అందరి తెలివీ ఒకచోట చేరుతుంది."

వెర్నా పొయ్యిలో ఒక కట్టె పెట్టింది. "నేను చేసుకున్నప్పుడు కూడా ఆయన గురించి తెలియదులే" అంది.

డారెల్ అప్పటికే ఆరు వందల డాలర్లు పెట్టి లైల్ చీటీలు కొన్నాడు. మంచు మీద నడిపే బండి కోసం దాచుకున్న డబ్బు.

ఫిబ్రవరి మొదటి శనివారం పొద్దున్న డారెల్ చెత్త పారేయడానికి వచ్చి చెక్కల కుప్ప దగ్గర నిలబడిపోయాడు. అక్కడ లైల్ ప్రచార బోర్డులు పడున్నాయి. ఒకటీ రెండూ కాదు, నలభై ఒకటి.

"ఇవన్నీ ఇక్కడ పడేశారా అత్తా?"

"పడేశారు."

"ఇవాళేనా?"

"ఇవాళే."

ఇంకేమీ అడగకుండా ఫొటో తీసి ఆ పందెపు సైట్‌లో పెట్టాడు: 'సొంత ఊళ్ళోనే టిబెట్స్ బోర్డులు చెత్తలోకి. చెత్త యార్డు ఆవిడ ధ్రువీకరించింది.' మధ్యాహ్నం భోజనాల వేళకి లైల్ అరవై నాలుగు నుంచి ముప్ఫై ఎనిమిదికి పడిపోయాడు. డారెల్ కంగారుపడి తన చీటీలు ఆ ధరకే అమ్మేశాడు.

రెండింటికి లైల్ ట్రక్కు దుమ్ము రేపుకుంటూ, అంటే మా దగ్గర మంచు రేపుకుంటూ, వచ్చి ఆగింది.

"వెర్నా, నా పరువు తీశావు. పార్టీ వాళ్ళు రాజధాని నుంచి ఫోన్ మీద ఫోన్. ఊళ్ళో నా మీద తిరుగుబాటట. ఎవరు చేశారు ఈ పని?"

"నువ్వే. పొద్దున్న ఏడున్నరకి నువ్వే తెచ్చి పడేశావు."

"అవి అచ్చు తప్పుపడ్డ బోర్డులు కదా. నా పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. ఆ మాట వాడికి చెప్పలేదా?"

"ఎందుకు పడేశారని వాడు అడగలేదు."

పక్కనే ఉన్న డారెల్ ముఖం పిండి రంగుకి మారింది. "ఒక్క మాట అనొచ్చు కదత్తా" అన్నాడు.

"ఒక్క మాట అడగొచ్చు కదరా" అంది వెర్నా.

అసలు సంగతి సాయంత్రానికి బయటపడింది. లైల్ మళ్ళీ అరవై ఎక్కాడు. డారెల్ అరవై ఒకటికి మళ్ళీ కొన్నాడు. కానీ అంతటితో ఆగలేదు. చెత్త యార్డు ఆవిడ అభ్యర్థి మాజీ భార్య అని ఎవరో కనిపెట్టారు. ఇక యార్డు ఫోన్‌కి తీరిక లేదు. టైర్లు తీసుకుంటారా అని అడగడానికి పెట్టిన ఫోన్ అది. ఇప్పుడు ఎవరెవరో చేసి, ఆయన ఆరోగ్యం ఎలా ఉంది, తాగుతాడా, చెత్తలో ఏమైనా దొరికాయా అని అడగసాగారు. వెర్నా ప్రతివాళ్ళకీ యార్డు వేళలు చెప్పి పెట్టేసేది.

ఒక బుధవారం బోస్టన్ నుంచి పత్రిక విలేఖరి వచ్చాడు, పల్చటి బూట్లు వేసుకుని. ఊరికే నిలబడి మాట్లాడటం వెర్నాకు నచ్చదు. ఒక చేతికి తొడుగు ఇచ్చి, రంగు సీసాలు తెల్ల సీసాలు వేరు చేయమంది. ఆయన వేరు చేస్తూనే అడిగాడు.

"మేడం, మీ అభిప్రాయంలో లైల్ టిబెట్స్ మంచి శాసనసభ్యుడు అవుతారా?"

వెర్నా చేతిలోని సీసా తొట్టిలో వేసింది. ఈ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. గెలుస్తాడా అనే అందరూ అడిగారు.

"అవుతాడు" అంది. "ఇంట్లో అయితే ఆయన మాటలన్నీ నేనొక్కదాన్నే వినాల్సొచ్చింది. సభలో వందలమంది ఉంటారు. తలా కొంచెం పంచుకుంటారు. పైగా అబద్ధం ఆడడు. బల్ల అమ్మినప్పుడు కూడా ధర నిజమే చెప్పాడు."

అది అచ్చయింది. లైల్ డెబ్బై రెండుకి వెళ్ళాడు. ఆ శనివారం క్లూటియే టీచరమ్మ వచ్చింది. ఎప్పుడూ డబ్బాలు కడిగి, కాగితాలు తాడుతో కట్టి తెచ్చే మనిషి. ఆ రోజు కట్టలు కొంచెం గట్టిగానే కింద పెట్టింది.

"వెర్నా, నువ్వు ఎవరి వైపూ ఉండవనుకున్నాను."

"లేను. ఆయన గురించి అడిగారు, చెప్పాను. మీ గురించి అడగలేదు."

"అడిగితే ఏం చెప్పేదానివి?"

"మా డారెల్‌కి మీరు మూడో తరగతి రెండుసార్లు చెప్పారు. రెండోసారి కూడా నవ్వుతూనే చెప్పారు. అంత ఓపిక ఉన్న మనిషి సభలో ఉండాలని చెప్పేదాన్ని."

ఇది సీసాల తొట్టి దగ్గరున్న నలుగురు విన్నారు. సాయంత్రానికి షికాగో కూడా విన్నది. ధర యాభైకి యాభై అయింది. డారెల్ మళ్ళీ అమ్మేశాడు. మూడో తరగతి సంగతి ఊరంతటికీ తెలిసినందుకు రెండు రోజులు అత్తతో మాట్లాడలేదు కూడా.

చెత్తలో పడ్డ బోర్డుల వల్ల ధర మారుతుందని తెలిశాక, లైల్ వాళ్ళు టీచరమ్మ బోర్డులు, టీచరమ్మ వాళ్ళు లైల్ బోర్డులు ఎత్తుకొచ్చి యార్డులో పడేయడం, నిలబడి ఫొటోలు తీయడం మొదలైంది. వెర్నా గేటుకి ఒక అట్ట తగిలించింది: 'ఎన్నికల బోర్డులు, ఒక్కోదానికి రెండు డాలర్లు. ఫొటోకి ఇంకో రెండు.' రెండు వారాల్లో గేటు రిపేరుకి సరిపోయేంత వచ్చింది.

ఎన్నికకి పదకొండు రోజుల ముందు, శుక్రవారం, వెర్నా సొంత ఫోన్‌కి ఒక కాల్ వచ్చింది. మెత్తటి గొంతు, పేరు చెప్పలేదు. ఆవిడ మాటకి మంచి విలువ ఉందన్నాడు. సోమవారం పొద్దున్న ఎవరితోనైనా, లైల్‌కి గుండె బాగాలేదట, పోటీ నుంచి తప్పుకుంటాడట అని ఒక్క మాట అంటే చాలన్నాడు. సాయంత్రానికి అబద్ధమని తేలినా ఫరవాలేదట. ఐదు వేల డాలర్లు. ఆలోచించుకోమని, ఆదివారం మూడింటికి చేస్తానని పెట్టేశాడు.

ఐదు వేలంటే వెర్నాకు నాలుగు నెలల జీతం. ట్రక్కు గేర్లు పడటం లేదు, కింది పళ్ళు రెండు కదులుతున్నాయి. రెండు రోజులు ఆ డబ్బు గురించి ఆలోచించానని తర్వాత నాతో తనే చెప్పింది. నేను అడిగాను కాబట్టి చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం కోటు వేసుకుని లైల్ వేలంపాటలు వేసే కొట్టానికి నడిచి వెళ్ళింది. విడాకులయ్యాక ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు.

లోపల అరవై మంది ఉన్నారు. నేనూ ఉన్నాను, ఒక దీపం మీద కన్నేసి. లైల్ ఆపిల్ రసం తీసే మరను వేలం వేస్తున్నాడు. వెర్నా వెనక నిలబడి ఆయన్ను పిలవడానికి చెయ్యెత్తింది.

"వెర్నా దగ్గర నలభై" అన్నాడు లైల్ ఊపిరి తీసుకోకుండా. "నలభై ఐదు ఎవరు, నలభై ఐదు, లేరు, ఒకటోసారి, రెండోసారి, వెర్నాదే."

"అది నాకొద్దు. నీతో మాట్లాడాలి."

"మర నీదే. మాట ఉచితం. చెప్పు."

అందరి ముందే చెప్పింది. లైల్ ముఖం ఎర్రబడింది. బాధపడ్డాడేమో అనుకున్నాం.

"ఐదు వేలేనా?" అన్నాడు. "మొదటి మాటకే ఒప్పుకున్నావా?"

"ఒప్పుకోలేదు. అందుకే వచ్చాను."

ఆమె మాట పూర్తి కాకుండానే కోటు జేబులో ఫోన్ మోగింది. మూడు గంటలు. లైల్ వేదిక దిగి వచ్చి, ఫోన్ తీసుకుని, తెరిచి, మైకు పక్కన పట్టుకున్నాడు.

"అయ్యా, మీ ఐదు వేల పాట అందింది. అయితే ఇక్కడ వేరే వాళ్ళు కూడా అడుగుతున్నారు" అన్నాడు ఫోన్‌లోకి. తర్వాత మా వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "సరుకు నా గుండెజబ్బు. జబ్బు ఇంకా రాలేదు, కొనేవాళ్ళకి తొందరగా ఉంది. ఐదు వేలు పాట, ఆరు ఎవరు, ఆరు ఆరు ఆరు."

వెనక వరసలో ఎల్వుడ్ నాయ్స్ పాటకి ఇచ్చే తన నంబరు అట్ట ఎత్తాడు. ఆయన దగ్గర ఆరు వందలు కూడా ఉండవు.

"ఆరు వెనక వరసలో. ఆరున్నర?"

"ఆరున్నర" అంది ఫోన్. "ఎవరది? ఎవరికి కావాలి?"

"పేర్లు చెప్పం, మీ పేరు మేం అడిగామా? ఏడు, ముందు వరస. ఏడున్నర అంటారా?"

ఏడున్నర అంది. ఎనిమిది, కోళ్ళ ఫారం ఆవిడ. తొమ్మిది, పాస్టరు గారు, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని. పదకొండు వేల దగ్గర మా వాళ్ళు నవ్వు ఆపుకోలేక అట్టలు ఎత్తలేకపోయారు.

"పదకొండు వేలు ఫోన్ వారిది. ఒకటోసారి. రెండోసారి." లైల్ సుత్తి పైకెత్తి ఆగాడు. "మూడోసారికి ముందు సరుకు యజమానురాలు ఏమంటుందో." మైకు వెర్నా ముందు పెట్టాడు.

వెర్నా మైకుని ఒకసారి ఎగాదిగా చూసింది. "ఆయన గుండె బాగానే ఉంది" అంది. "పంతొమ్మిదేళ్ళు చూశాను. చెవులే పనిచేయవు."

"సరుకు వెనక్కి తీసుకున్నాం" అని లైల్ ఫోన్ మూసేశాడు. కొట్టం కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. మంచు పార కొనడానికి వచ్చిన మా ఊరి పోలీసు నోట్‌బుక్ తీసి ఏదో రాసుకున్నాడు. రాయడానికి నంబరు మాత్రం కనబడలేదు. వెర్నా కోటు చేతితో కళ్ళు తుడుచుకుంటోంది. ఆమె అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. లైల్ ఆమెను చూస్తూ రెండు నిమిషాలు ఒక్క మాట కూడా అనలేదు. వేలం ఆగిపోయిందేమో అని జనం వెనక్కి తిరిగి చూశారు.

ఆ వీడియో ఎక్కడికెక్కడికో పోయింది. లైల్ ఎనభై మూడు. డారెల్ చిల్లరతో సహా ఊడ్చి ఎనభై మూడుకి కొన్నాడు. "ఇంక తిరుగులేదత్తా" అన్నాడు.

"నీకు తెలిసినవాళ్ళు ఎవరెవరు ఓటేయడానికి వెళ్తున్నారు?" అంది వెర్నా.

"వెళ్ళక్కర్లేదు కదా, మామ ఎలాగూ గెలుస్తున్నాడుగా."

వెర్నా బయటికి వెళ్ళి గేటు మూసింది.

మంగళవారం పొద్దున్న మంచు మొదలై సాయంత్రానికి మోకాలి లోతయింది. లైల్ వైపు జనం కిటికీలోంచి బయటికి చూశారు, ఫోన్‌లో ఎనభై మూడు చూశారు, బీన్స్ వేడిచేసుకుని కూర్చున్నారు. టీచరమ్మ వైపు వాళ్ళు కూడా ఆ ఎనభై మూడే చూసి భయపడి, మంచులో జారకుండా బండ్ల చక్రాలకి గొలుసులు కట్టుకుని వచ్చారు. ముప్ఫై ఏళ్ళ కిందట ఆమె దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్ళు తాతల్ని కూడా మోసుకొచ్చారు. లెక్కించే ముందు మా ఎన్నికల పెద్దాయన మా అందరి ఫోన్లూ పులుసు కాచే గిన్నెలో వేయించి మూత పెట్టాడు. కాగితాలు యాభై యాభైగా కట్టాం, రెండుసార్లు లెక్కపెట్టాం. క్లూటియే నాలుగు వందల పంతొమ్మిది. టిబెట్స్ నాలుగు వందల పన్నెండు.

డారెల్ హాల్లోనే కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వు ఓటేశావా?" అని వెర్నా అడిగితే, ఇప్పుడే వేద్దామని వచ్చానన్నాడు. పోలింగ్ ముగిసి రెండు గంటలయింది.

లైల్ వెళ్ళి టీచరమ్మ చేయి పట్టుకుని ఊపాడు. ఎవరూ అడక్కుండానే నలభై నిమిషాలు ఓటమి ప్రసంగం చేశాడు. అది గెలిచిన వాళ్ళ ప్రసంగాలకన్నా బాగుందని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. వెర్నా చివరిదాకా కూర్చుని విన్నది.

మర్నాటి నుంచి యార్డు ఫోన్ మూగబోయింది. షికాగో, లండన్ మమ్మల్ని మర్చిపోయి ఇంకో రాష్ట్రం మీద పడ్డాయి. వెర్నాకు హాయిగా ఉంటుందనుకున్నాను. కానీ ఒక బుధవారం వెళ్తే, గదిలో ఊరికే ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏమీ లేదు" అంది. కాసేపటికి అడక్కుండానే ఇంకో మాట అంది: "జనం అడగడం అలవాటైపోయింది."

ఏప్రిల్‌లో క్లూటియే టీచరమ్మ యార్డుకి వచ్చింది, ఈసారి చెత్త లేకుండా. పాత టైర్లు వాగుల్లో పారేయకుండా ఏదో చట్టం తేవాలని బిల్లు పెట్టిందట. కమిటీ ముందు మాట్లాడటానికి టైర్ల సంగతి నిజంగా తెలిసిన మనిషి కావాలంది. ఈ బిల్లు నెగ్గుతుందా ఓడుతుందా అని ఎవరూ పందెం తెరవలేదు. డారెల్ వెతికి చూశాడు.

వెర్నా ట్రక్కు రాజధాని దాకా పోదు కాబట్టి లైల్ తీసుకెళ్ళాడు. దారి పొడుగునా రెండు గంటలు మాట్లాడుతూనే ఉన్నాడట. నేను వెనక సీట్లో ఉన్నాను కాబట్టి 'అట' అనక్కర్లేదు. కమిటీ గదిలో మనిషికి మూడు నిమిషాలు ఇస్తారు. వెర్నా ఒకటిన్నర నిమిషంలో ముగించింది. ఏ వాగులో ఎన్ని టైర్లు తేలాయో, పారేసేవాళ్ళు ఏ నెలలో ఏ దారిన వస్తారో, ఎందుకు వస్తారో చెప్పి కుర్చీ వెనక్కి జరిపింది.

"ఒక్క నిమిషం, మిసెస్ టిబెట్స్" అన్నాడు అధ్యక్షుడు. "కొన్ని ప్రశ్నలున్నాయి."

ముప్పావు గంట అడిగారు. ఒక్కొక్కరూ ముందుకు వంగి, రాసుకుంటూ అడిగారు. వెర్నా అడిగినంత మేరకే చెప్పింది. గోడ దగ్గర నిలబడ్డ లైల్ రెండుసార్లు చెయ్యెత్తాడు. సమయం లేదన్నారు.

తిరుగు దారిలో రోడ్డు పక్క కొట్టు దగ్గర ఆగి, వేయించిన ఆల్చిప్పల మాంసం పొట్లాలు కొనుక్కుని ట్రక్కు వెనక చెక్క మీద కూర్చున్నాం. ఎండ బాగుంది. లైల్ తన పొట్లం విప్పలేదు.

"నేను అక్కడ ఉండుంటే ఎలా ఉండేది వెర్నా?" అన్నాడు.

వెర్నా వేళ్ళు తుడుచుకుంది.

"బాగుండేది" అంది. "నేను నీకే ఓటేశాను."

లైల్ నోరు తెరిచాడు. వెర్నా ఆయన పొట్లం తనే విప్పి, నిమ్మకాయ పిండి, చేతిలో పెట్టింది.